గవర్నర్‌పేటలో పాత ర్యామ్: కళ్లముందు టెస్ట్ చేసే కౌంటరుకే డబ్బులివ్వండి

విజయవాడ గవర్నర్‌పేట సందుల్లో పాత ర్యామ్ కొని అమ్మే కౌంటర్లున్నాయి. ఈ సమీక్ష వాటిలో ఏ ఒక్కదాని గురించీ కాదు, అన్నిటి పనితనం గురించి. తీర్పు ముందే చెప్పేస్తున్నాం. సరుకు మంచిది. ఈ ర్యామ్ కొరత రోజుల్లో పాత కంప్యూటర్ల నుంచి ఊడదీసిన డీడీఆర్4 (డీడీఆర్5కు ముందు తరం ర్యామ్) స్టిక్కు కంటే తెలివైన కొనుగోలు లేదు. సేవ మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. స్టిక్కు పెట్టి, స్క్రీన్ మీద 8 జీబీ చూపించి డబ్బులు తీసుకునే కౌంటరుకూ, మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాము) పెట్టి గంటసేపు నడిపించి ఇచ్చే కౌంటరుకూ ధరలో పెద్ద తేడా ఉండదు. చేతికొచ్చే సరుకులో మాత్రం చాలా ఉంటుంది.

కొరత ఎందుకొచ్చిందో రెండు ముక్కల్లో. ప్రపంచంలో డీరామ్ చిప్పుల్లో (ర్యామ్ స్టిక్కుల మీద ఉండేవి ఇవే) అత్యధిక భాగం తయారుచేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు వాడే హెచ్‌బీఎం మెమరీ మీద లాభం ఎక్కువ కాబట్టి ముగ్గురూ అటు మళ్లారు. మైక్రాన్ చెప్పిన లెక్క ప్రకారమే ఒక బిట్ హెచ్‌బీఎంకు పట్టే సిలికాన్, అదే బిట్ డీడీఆర్5కు పట్టేదానికి సుమారు మూడు రెట్లు. అంటే అక్కడ ఒకటి పెరిగితే ఇక్కడ మూడు తగ్గుతాయి. డీడీఆర్4 తయారీని ఎలాగూ ముగింపుకు తెస్తున్నారు. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు రిటైల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, 2026 ఫిబ్రవరి వరకే సరఫరా అంది. కొత్త స్టిక్కు రేటు ఉదయం చెప్పింది సాయంత్రానికి నిలవట్లేదు. అందుకే ఈ సమీక్షలో రూపాయల్లో ధర రాయడం లేదు. ఒక్క కొలబద్ద చాలు: అదే రోజు కొత్త స్టిక్కు ధర అడిగి తెలుసుకోండి. టెస్ట్ చేసి, మార్చుకునే గడువుతో ఇచ్చే పాత స్టిక్కుకు అందులో మూడింట రెండు వంతులు దాటి పెట్టొద్దు. టెస్ట్ లేకపోతే సగం కూడా ఎక్కువే.

మరి ఇంత పాత సరుకు ఎక్కడిది? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఒకటీ అరా మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో జెన్ (తరం) ప్రాసెసర్ల నుంచే అధికారికంగా నడుస్తుంది. దాంతో ఆరు, ఏడు జెన్‌ల ఆఫీసు డెస్క్‌టాప్‌లు పక్కకు వచ్చేశాయి. వాటిలో చాలావాటికి ఉన్నది డీడీఆర్4. ఆ సీపీయూ పనికిరాకపోయినా అందులోని స్టిక్కు ఎనిమిది, తొమ్మిది, పది జెన్ బోర్డుల్లోకి చక్కగా సరిపోతుంది. ఆటోనగర్‌లో పాత లారీ విప్పి గేర్‌బాక్సు వేరే బండికి ఎక్కించడం బెజవాడకు కొత్తేమీ కాదు. ఇదీ అలాంటి పనే.

ఎస్‌ఎస్‌డీ పాతది కొంటే ఎంత డేటా రాసి ఉందో చూడాలి, రాసేకొద్దీ అది అరుగుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది కొనడమే వృథా. ర్యామ్‌లో తిరిగే భాగం లేదు, రాయడం వల్ల అరిగే భాగమూ లేదు. ఐదేళ్లు ఆఫీసులో నడిచిన స్టిక్కు తొలి పరీక్ష ఎప్పుడో దాటేసినట్టే. దాన్ని పాడుచేసేవి స్టాటిక్ కరెంటు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) పోయినప్పుడు తగిలిన దెబ్బ, అడ్డదిడ్డంగా ఊడదీసిన చెయ్యి. ఈ మూడింటి ఆనవాళ్లు కంటికి కనపడవు. అందుకే టెస్ట్ అంత ముఖ్యం.

కౌంటరు దగ్గర మొదట చేయాల్సింది లేబుల్ చదవడం. పాత ఆఫీసు మిషన్లలోంచి వచ్చే శాంసంగ్ డెస్క్‌టాప్ స్టిక్కు మీద ఇలా ఉంటుంది: 8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-2666వీ-యూఏ2-11. ఇందులో పీసీ4 అంటే డీడీఆర్4. 2666 వేగం. 1ఆర్ అంటే ఒకే ర్యాంకు (కలిసి పనిచేసే చిప్పుల బృందం ఒక్కటే), ఎక్స్8 అంటే ఒక్కో చిప్పు ఎనిమిదేసి బిట్లు ఇస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన అక్షరం 2666వీ తర్వాత గీత దాటి వచ్చే యూ, మామూలు డెస్క్‌టాప్ స్టిక్కు అని దానర్థం. ఆ స్థానంలో ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ ఉంటే సర్వర్‌ది, ఈ ఉంటే ఈసీసీ (తప్పులను పట్టి సరిదిద్దే వీలున్న) రకం. శాంసంగ్ పార్ట్ నంబరు మొదట్లోనూ ఇదే సంగతి తెలుస్తుంది: ఎం378 డెస్క్‌టాప్, ఎం471 ల్యాప్‌టాప్, ఎం393 సర్వర్.

లేబుల్ మార్చి అతికించడం కష్టం కాదు కాబట్టి అక్కడితో ఆగకూడదు. చిప్పు మీద సన్నగా చెక్కిన అక్షరాలు ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి. కే4ఏ8జీ08 అని మొదలైతే అది 8 గిగాబిట్ల డీడీఆర్4 చిప్పు, ఎక్స్8 రకం. అలాంటివి ఎనిమిదుంటే 64 గిగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 8 జీబీ. లేబుల్ 16 అని చెప్పి, ఇవే చిప్పులు ఒకవైపే ఎనిమిది ఉన్నాయంటే లెక్క కుదరలేదన్నమాట. ఆ తర్వాత కంప్యూటరు వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాములో ఎస్‌పీడీ (స్టిక్కు తన గురించి తనలోనే దాచుకున్న వివరాలు) ట్యాబ్ తెరిచి కంపెనీ పేరు, పార్ట్ నంబరు, తయారైన వారం, సంవత్సరం లేబుల్‌తో పోల్చాలి. 1924 అంటే 2019లో 24వ వారం. ఎస్‌పీడీని కూడా మార్చి రాయొచ్చు గనుక లేబుల్, చిప్పు, ఎస్‌పీడీ మూడూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

ఇక టెస్ట్. ఎక్కువ కౌంటర్లు ఇక్కడే నిరాశపరుస్తున్నాయి. స్టిక్కు పెడతారు, విండోస్ వస్తుంది, "ఇదిగో సార్, ఎనిమిది చూపిస్తోంది కదా" అంటారు. అది టెస్ట్ కాదు. సైజు చూపించడానికి బోర్డు ఎస్‌పీడీ చదివితే సరిపోతుంది. 8 జీబీలో ఒకే ఒక్క బిట్ చచ్చిపోయినా విండోస్ వస్తుంది, పాటలూ వస్తాయి. ఆ చిరునామా వాడకంలోకి వచ్చిన రోజే బ్లూ స్క్రీన్. అంతకన్నా ప్రమాదం, ఏ హెచ్చరికా లేకుండా సేవ్ అయిన ఫైలు లోపల చెడిపోవడం. జిప్ ఫైలు విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు చెడిందన్న హెచ్చరిక) రావడం, పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) తెరుచుకోకపోవడం దీని గుర్తులే.

అసలు టెస్ట్ ఇలా ఉండాలి. మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉచితం, ఓపెన్ సోర్స్. ఏ చిన్న పెన్‌డ్రైవ్‌లోనైనా పడుతుంది. దాంతో బూట్ చేయాలి. సెక్యూర్ బూట్ అడ్డొస్తే బయాస్‌లో ఆఫ్ చేయాలి. ఒకేసారి ఒక్క స్టిక్కే పెట్టాలి. 8 జీబీకి ఒక పాస్ (మొత్తం పరీక్ష ఒకసారి పూర్తవడం) మిషన్‌ను బట్టి అరగంట నుంచి గంట పడుతుంది. కౌంటరు దగ్గర ఒక పాస్, ఇంటికెళ్లాక రాత్రంతా నాలుగు పాస్‌లు చాలు. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కు తిప్పి ఇచ్చేయండి, "ఒక్కటే కదా" అన్న మాట వినొద్దు. ఎర్రర్ ప్రతిసారీ ఒకే చిరునామాలో వస్తే చిప్పు పోయినట్టు. చోటు మారుతూ వస్తుంటే కాంటాక్టుల మురికి, స్లాట్ లోపం, లేదా ఎక్స్‌ఎంపీ (స్టిక్కును మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే బయాస్ సెట్టింగు) వేగం మోయలేకపోవడం. అప్పుడు తుడిచి, స్లాట్ మార్చి, ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ చూడాలి.

టెస్ట్ ఏసీ కౌంటరులో, సైడు డోరు తీసిన సీపీయూలో చేయడం సగం టెస్టే. డీరామ్ సెల్ అంటే చిన్న కెపాసిటర్. దాని చార్జి కారిపోతూ ఉంటుంది, మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి సెల్‌నూ రిఫ్రెష్ చేస్తూ ఉంటారు. వేడెక్కేకొద్దీ చార్జి వేగంగా కారుతుంది, అందుకే 85 డిగ్రీలు దాటితే ఆ వ్యవధి సగానికి తగ్గాలని ప్రమాణాల్లోనే ఉంది. బలహీనమైన సెల్ చల్లటి గదిలో నిలబడి, మే నెల మధ్యాహ్నం బెజవాడ ఉక్కలో మూసిన సీపీయూలో కూలబడుతుంది. కాబట్టి ఇంటి టెస్ట్ డోరు బిగించి, ఏసీ లేకుండా చేయండి. కౌంటరు ఇచ్చే చెకింగ్ వారంటీ కనీసం ఏడు రోజులు ఉండాలనడానికి కారణం ఇదే. మూడు రోజులన్న చోట ఏడు అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. బిల్లు మీద స్టిక్కు సీరియల్ నంబరు రాయించుకోవడం మరిచిపోవద్దు. వాళ్లు రాయకపోతే మీరే రాసి సంతకం పెట్టించుకోండి. నంబరు లేని వారంటీ మీద "ఇది మా స్టిక్కు కాదు" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఉచ్చుల్లో పెద్దది సర్వర్ స్టిక్కు. 32 జీబీ అంత తక్కువకు దొరుకుతోందంటే లేబుల్ మీద ఆర్ అక్షరం ఉందేమో చూడండి. డీడీఆర్4లో సర్వర్ స్టిక్కుకూ మామూలు దానికీ పిన్నులు 288, గాడి ఒకే చోట. స్లాట్‌లో టక్కున కూర్చుంటుంది, డిస్‌ప్లే మాత్రం రాదు. ఒక వరసలో చిప్పులు తొమ్మిదేసి ఉండి, మధ్యలో వేరే ఆకారంలో ఇంకో చిప్పు ఉంటే అదే. జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) బోర్డు ఉన్నవాళ్లకు అది బంగారం, మనకు దండగ.

రెండోది డీడీఆర్3లో 8 జీబీ "ఏఎండీ స్పెషల్". ఎక్స్4 చిప్పులు పదహారు పెట్టి చేసిన ఆ స్టిక్కులు ఇంటెల్ బోర్డులో పనిచేయవు. నాలుగో జెన్ ల్యాప్‌టాప్‌కు కొనేవాళ్లు పీసీ3 తర్వాత ఎల్ అక్షరం ఉందో లేదో చూడాలి. అది 1.35 వోల్టుల రకం. ఎల్ లేని 1.5 వోల్టుల స్టిక్కు పెడితే తెర నల్లగానే ఉంటుంది.

రంగురంగుల లైట్ల 3600 గేమింగ్ స్టిక్కుల మీద మోజు పడేముందు మీ బోర్డు ఏదో చూసుకోండి. ఎనిమిది, తొమ్మిది జెన్‌ల హెచ్310 బోర్డులో అది 2666కు మించి పరిగెత్తదు. పైగా అల్యూమినియం తొడుగు కింద ఏ చిప్పు ఉందో కనపడదు. అదే ధరకు తొడుగులేని ఆఫీసు స్టిక్కే మేలు. ఎక్స్16 అని ఉన్న నాలుగు చిప్పుల స్టిక్కు, ఎక్స్8 అని ఉన్న ఎనిమిది చిప్పుల స్టిక్కు ఒకే ధరకు పక్కపక్కనే ఉంటే ఎనిమిది చిప్పులదే తీసుకోండి. ఎక్స్16 రకంలో బ్యాంక్ గ్రూపులు (పని పంచుకునే మెమరీ విభాగాలు) సగమే, కొంచెం నెమ్మది. ల్యాప్‌టాప్ స్టిక్కును డెస్క్‌టాప్‌లో పెట్టే కన్వర్టర్ కార్డు కూడా చూపిస్తారు. వద్దు, వేగం పెరిగేకొద్దీ అది ఎర్రర్లు తెస్తుంది.

ఎంత కొనాలన్నది పని చెబుతుంది. ట్యాలీ బిల్లింగుకు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీకి 8 జీబీ చాలు, కొరతలో అంతకుమించి కొనొద్దు. పెళ్లి ఆల్బమ్ స్టూడియోల సంగతి వేరు. 12కు 36 అంగుళాల షీటు 300 రెజల్యూషన్‌లో తెరిస్తే 3,600ను 10,800తో గుణించాలి, 3 కోట్ల 88 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు వేసుకుంటే పూర్తి లేయరు ఒక్కటే సుమారు 110 ఎంబీ. పది లేయర్లకు ఒక జీబీ దాటిపోయింది, హిస్టరీ, బ్రౌజరు, విండోస్ ఇంకా లెక్కలోకి రాలేదు. 8 జీబీ నిండిపోతే ఫోటోషాప్ స్క్రాచ్ (తాత్కాలిక ఫైలు) కోసం ఎస్‌ఎస్‌డీ మీద పడి రాస్తుంది, దాన్నీ అరగదీస్తుంది. ఆల్బమ్ పనికి 16, వీడియో కటింగ్‌కు 32. 16 కావాలంటే ఒకే 16 కంటే రెండు 8లు మంచివి, ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు చానళ్లూ (దారులూ) నిండుతాయి. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. రెండూ ఒకే పార్ట్ నంబరు అయితే గొడవే ఉండదు. ఊడదీసిన ఆఫీసు సరుకులో అలాంటి జతలు ట్రేలో వెతికితే దొరుకుతాయి, "తమ్ముడూ, ఇదే నంబరుది ఇంకోటి చూడు" అని ఓపిగ్గా వెతికించండి.

తుడవడం గురించి ఒక మాట, ఎందుకంటే దాదాపు ప్రతి కౌంటరులోనూ ఇది తప్పుగానే చేస్తున్నారు. పెన్సిల్ రబ్బరు తీసుకుని బంగారు పళ్ల మీద బరబరా రుద్దేస్తారు. ఆ బంగారు పూత చాలా పలచన. ఇసుక కలిసిన గట్టి రబ్బరు రెండుసార్లు రుద్దితే కింద నికెల్ బయటపడుతుంది, కృష్ణ ఒడ్డు తేమకు ఆ తర్వాత మరకలు మొదలు. మొదట 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోగులూడని గుడ్డకు తడిపి, పళ్ల పొడవునా పైనుంచి కిందికి ఒకేవైపు తుడవాలి. ఒక నిమిషం ఆరనివ్వాలి. మరక పోకపోతేనే తెల్లటి మెత్తని రబ్బరు, అదీ నాలుగైదు సార్లు తేలిగ్గా, రాలిన పొడిని మళ్లీ ఆల్కహాల్‌తో తీసేయాలి. బోర్డు స్లాట్‌లోకి బ్లోయర్ పట్టాలి, నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర పడుతుంది. స్టిక్కును వెండిరంగు యాంటీస్టాటిక్ కవరులో పెట్టించుకోండి. మామూలు ప్లాస్టిక్ కవరులో రుద్దుకుంటూ వెళ్లిన స్టిక్కు ఆ రోజు పనిచేసి నెల తర్వాత పోవచ్చు.

అమ్మేవాళ్లకు ఈ కౌంటర్లు ఇచ్చే సేవ, కొనేవాళ్లకు ఇచ్చేదానికంటే ఒక మెట్టు తక్కువ. చాలాచోట్ల వేగం, ర్యాంకు చూడకుండా "8 జీబీకి ఇంత" అని ఒకే రేటు చెబుతున్నారు. 3200 స్టిక్కు తెచ్చినవాళ్లకు 2133 రేటు కట్టడం అన్యాయం. అమ్మేముందు మీరే మెమ్‌టెస్ట్ నడిపి, పాస్ అయిన స్క్రీన్ ఫోటో, లేబుల్ ఫోటో తీసి పట్టుకెళ్లండి. ఆ కౌంటరు అదే స్టిక్కును ఎంతకు అమ్ముతోందో ముందు కొనేవాళ్లలా అడగండి. టెస్ట్ అయిన స్టిక్కుకు అందులో సగానికి పైన ఇస్తే న్యాయమైన బేరం. జత ఉంటే విడదీసి అమ్మొద్దు. పాత సామాన్ల బండికి కిలోల లెక్కన ఇవ్వడం మాత్రం ఇప్పుడు చేయకూడని పని, వాళ్లు తూచేది పళ్ల మీది బంగారం కోసం. కాలేజీ ల్యాబో, ఆఫీసో మొత్తంగా అమ్ముతుంటే ప్రతి స్టిక్కు సీరియల్ నంబరు జాబితా రాసుకుని ఇవ్వాలి. డేటా భయం అక్కర్లేదు, కరెంటు తీయగానే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. సీపీయూ మొత్తం అమ్మితే డిస్కు మాత్రం తీసి దాచుకోండి.

గుంటూరు వాళ్లు బస్సెక్కేముందు అరండల్‌పేట దుకాణాల్లో ఒకసారి అడగడం మంచిది. ఒక్క స్టిక్కు కోసమైతే మార్చుకోవడానికి మళ్లీ 35 కిలోమీటర్లు రావాల్సిన పని ఉండదు.

టెస్టులో పోయిన స్టిక్కును కూడా ఈ కొరతలో వెంటనే పారేయనక్కర్లేదు, ఎర్రర్లు ఒకే చిన్న ప్రాంతంలో ఉంటే. మెమ్‌టెస్ట్86 ప్లస్ ఆ చిరునామాలను బ్యాడ్‌ర్యామ్ లైనుగా చూపిస్తుంది. లైనక్స్‌లో గ్రబ్ (సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రాము) సెట్టింగుల్లో ఆ లైను రాస్తే ఆ భాగాన్ని వాడకుండా వదిలేస్తుంది. విండోస్‌లో బీసీడీఎడిట్ కమాండులో బ్యాడ్‌మెమరీలిస్ట్ ఉంది, దానికి పేజీ నంబరు ఇవ్వాలి: హెక్స్ చిరునామాలో చివరి మూడు అంకెలు తీసేస్తే వచ్చేదే అది. స్టిక్కు స్లాట్ మార్చినా, పక్కన ఇంకోటి పెట్టినా చిరునామాలు మారిపోతాయి, మళ్లీ టెస్ట్ చేయాలి. పిల్లలు టైపింగ్ నేర్చుకునే మిషన్‌కు ఇది సరే. లెక్కల పుస్తకం, కస్టమర్ల ఫోటోలు ఉండే మిషన్‌లో ఎంతమాత్రం వద్దు.

ఈ కౌంటర్లలో మంచిదేదో తెలుసుకోవడానికి టెస్టులో ఎర్రర్ వచ్చిన స్టిక్కును ఏం చేస్తారో చూడండి. కొన్నిచోట్ల దాన్ని తీసి, మళ్లీ అదే ట్రేలో వేసి, ఇంకోటి పెడతారు. పది నిమిషాల తర్వాత వచ్చే మనిషికి అది అంటగట్టబడుతుంది. కొన్నిచోట్ల ఎర్రటి మార్కర్‌తో లేబుల్ మీద అడ్డంగా గీత గీసి, కింద వేరే డబ్బాలో పడేస్తారు. మీ జత అక్కడే తీసుకోండి.